కనిపించని గ్రహణం

హోసూరు బజారులో కిరాణా కొట్టు నడిపే శ్రీరంగయ్యకు చక్కెర జబ్బు పట్టి ఆరేళ్లయింది. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేయడం, అరగంటలోపు రెండు రాగి దోసెలు పెట్టడం కోడలు కోమల పని. రానురాను మామకు నొప్పి తెలియకుండా వేసేంత అలవాటైంది.

డెబ్భై తొమ్మిదిలో భాద్రపద పౌర్ణమినాడు కూడా ఆరు గంటలకు సూది వేసి వంటింటి వైపు వచ్చింది. తలుపుకు గొళ్లెం పెట్టి ఉంది. అత్త జ్ఞానాంబ తలంటుకుని, బిందెల మీద దర్భలు వేసి, గడప ముందు కూర్చుని ఉంది.

“ఈపొద్దు చంద్రగ్రహణం. రేడియోలో చెప్పినారు. అయ్యవారినీ అడిగినాను. సాయంత్రం విడిచేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టేది లేదు.”

“సూది వేసేసినాను అత్తా. ఇప్పుడు మామ తినకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పినాడు గదా!”

“నన్ను అడక్కుండా ఎందుకు వేసినావు?”

కోమల కొట్లోకి పోయి బెల్లం ముక్క తెచ్చింది. “నోట్లో వేసుకోండి మామా.” శ్రీరంగయ్య తల అడ్డంగా ఊపాడు. “నలభై ఏండ్లుగా గ్రహణం పూట మంచినీళ్లు కూడా తాగలేదమ్మా. ఒక పూటకేమీ కాదులే.”

భర్త బద్రీనాథ్ సరుకు కోసం తొలి బస్సుకే కృష్ణగిరి పోయాడు. కోమల చెప్పులు కూడా వేసుకోకుండా పురోహితుడు అశ్వత్థనారాయణ ఇంటికి పరుగెత్తింది.

ఆయన పంచాంగం తెరవకుండానే చెప్పాడు. “మధ్యాహ్నం మూడు కావస్తుండగా పడుతుంది, ఆరుకు విడుస్తుంది. మనకు చంద్రుడు లేచేది ఆ తర్వాత. మన ఊర్లో కనపడదమ్మా. కనపడని గ్రహణానికి పట్టూ లేదు, స్నానమూ లేదు.”

కోమలకు ప్రాణం లేచి వచ్చింది. “ఆ మాట మీరే వచ్చి మా అత్తకు చెప్పండి స్వామీ. నేను చెప్తే వినదు.”

అశ్వత్థనారాయణ కండువా సర్దుకున్నాడు. “నిన్న ఆమె అడిగితే, పాటిస్తే మంచిదేనని చెప్పి పంపినాను. ఈపొద్దు వచ్చి కాదంటే నా మాటకేం విలువ ఉంటుంది? పాటిస్తే దోషమైతే లేదు గదా.”

“మనిషి పోతాడు స్వామీ!”

“ఇంత చక్కెర నీళ్లు తాగించు. ఎవరికీ చెప్పొద్దు.”

ఆమె తిరిగి వచ్చేసరికి శ్రీరంగయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. కోమల చక్కెర కలిపిన గ్లాసు ఆయన పెదవుల దాకా తెచ్చింది. జ్ఞానాంబ దాన్ని లాక్కుని తూములో పోసింది. “నా మొగుడి నోట్లో పాపం పోస్తావా? పస్తుకు నీరసం వచ్చింది, పడుకోనీ.”

పదకొండు గంటలకు పిలిస్తే ఆయన పలకలేదు. కోమల వీధిలోకి పోయి కేకలు పెట్టి జట్కా ఆపింది. ఆసుపత్రి చేరకముందే ఆమె ఒళ్లోనే ఊపిరి ఆగిపోయింది. గ్రహణం పట్టడానికి ఇంకా మూడు గంటల పైన ఉంది.

సాయంత్రం శవం చుట్టూ ఏడుపులు సాగుతుండగా నిండు చంద్రుడు ఏ మచ్చా లేకుండా లేచాడు. బద్రీనాథ్ వచ్చి, తల్లి చెప్పిందంతా విని, భార్యను ఒకే ఒక మాట అడిగాడు. “సూది ఎందుకు వేసినావు?”

పదకొండో రోజు కర్మకు కూర్చున్న అశ్వత్థనారాయణ ముందుకు కోమల వచ్చి నిలబడింది. చుట్టాలంతా చూస్తున్నారు.

“ఆ రోజు గ్రహణం మన ఊరికి ఉన్నిందా, లేదా స్వామీ? అందరికీ వినపడేలా చెప్పండి.”

ఆయన పిండాల మీది చూపు తిప్పలేదు. “కర్మ మధ్యలో ఆడవాళ్లు మాట్లాడకూడదమ్మా.”

“లోపలికి పో,” అన్నాడు బద్రీనాథ్.

కోమల కదల్లేదు. “కనపడదని మీరే నాకు చెప్పినారు,” అంది. ఆయన మంత్రం చదివే గొంతు పెంచాడు. ఆడపడుచు వచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. బజారులో మాత్రం సూదితో మామను చంపిన కోడలన్న పేరే నిలిచింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా కోమల చేతి మాత్ర మింగలేదు. ఆమె ఇవ్వడమూ మానేసింది.