సెలవు చీటీ

"ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, అమ్మ కళ్లజోడు బాగుచేయించుకొచ్చెయ్" అన్నాడు భర్త, చెప్పుల్లో కాళ్లు పెడుతూ. ఆ సమయానికి ఆమె పొయ్యి మీద పాలనీ, కుళాయి కింద బిందెనీ, మాత్ర మింగినట్టు నటిస్తున్న అత్తగారినీ ఓ కంట కనిపెడుతోంది. ఖాళీగా ఉండటమంటే ఏమిటో ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి చేసి చూపిస్తే నేర్చుకుందామని ఆమెకు పదిహేనేళ్లుగా కోరిక.

అయినా ఆవేళ ఆ మాట తియ్యగానే వినపడింది. కళ్లజోళ్ల దుకాణం నది వైపు. దుకాణం దాటి పది నిమిషాలు నడిస్తే మూతపడ్డ దారం మిల్లు. అందులో పెళ్లికి ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు తెగిన దారాలు ముడివేసిందామె. ముడి పడ్డ చోటు వేలికి తగలకూడదు. ఆమె వేసింది తగిలేది కాదు. ఇప్పుడు నదికి అవతలి ఒడ్డున కొత్త దారం యూనిట్ పెట్టారు. "పాత మిల్లులో చేశానన్న కాగితం ముక్క ఏదైనా పట్రామ్మా, సోమవారమే చేరిపో. అది లేకపోతే మాత్రం నా చేతుల్లో లేదు" అంది అక్కడి సూపర్‌వైజరమ్మ. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. దొరికాక చెబుదామనుకుంది.

మిల్లు గేటు దగ్గర ముసలి కాపలాదారు స్టూలు మీద కునుకుతున్నాడు.

"ఇనుమేం మిగల్లేదమ్మా, నీకంటే ముందొచ్చినవాళ్లు ఊడ్చుకుపోయారు" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఇనుం కోసం కాదు బాబాయ్. ఇక్కడ పనిచేసేదాన్ని. దారం ముళ్లేసే సెక్షన్లో."

"ఓహో, ముళ్ల పిల్లవా! మీ నోళ్లకి కూడా ఆ పేరే సరిపోయేదిలే." నవ్వుతూ తాళం తీశాడు. "కాగితాలు పై గదిలో పడున్నాయి. పాములుంటాయి, చూసుకుని నడువు."

కప్పు సగం కూలిపోవడంతో నది మీది వెలుతురు గోడల మీద కదులుతోంది. యంత్రాలు లేవు. నేల మీద బోల్టుల గుంటలు మాత్రం వరసగా ఉన్నాయి. కిటికీ నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఆరో యంత్రం గుంటల ముందు నిలబడింది. పావురాలు తప్ప చూసేవాళ్లెవరూ లేరు గనక చేతులు గాల్లోకెత్తి ఒక ముడి వేసింది. వేళ్లు ఏమీ మర్చిపోలేదు. అది చూసి తనకే భయమేసింది.

పై గదిలో చెదలు వదిలేసిన రిజిస్టర్లలో ఆమె పేజీ దొరికింది. పేరు, సెక్షను, చేరిన తేదీ. చివరి గడిలో ఎర్ర సిరా: "చెప్పకుండా మానేసింది. మళ్లీ తీసుకోరాదు."

చెప్పకుండానా? ఏడో నెలలో డాక్టరు మెట్లెక్కొద్దంటే, గుండ్రటి అక్షరాలతో సెలవు చీటీ రాసి, ఆఫీసుకి మిల్లు మీదుగానే వెళ్లే భర్త చేతికిచ్చింది. "ఇచ్చారా?" అనడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా "ఆఁ, ఇచ్చాలే. నీ చోటు ఎక్కడికీ పోదన్నారు" అన్నాడు. పోని చోటుకి తొందరేముంది? పిల్లకి పళ్లొచ్చాక వెళ్దాం, అత్తగారి మోకాలి ఆపరేషనయ్యాక వెళ్దాం అనుకుంటూ ఉండగా మిల్లే మూతపడింది. అందరితో పాటే తన చోటూ పోయిందని ఆమె సర్దుకుంది. అందరితో పాటు పోవడంలో ఒక మర్యాద ఉంది. ఆ ఎర్ర అక్షరాలు అదీ మిగల్చలేదు.

పేజీ చించలేదు. సూపర్‌వైజరమ్మకి ఏమని చూపిస్తుంది?

"కళ్లజోడుకి ఇంతసేపా? కొత్త కళ్లే చేయించుకొచ్చావేమో!" అంది అత్తగారు, ఆమె ఇల్లు చేరగానే.

ఆ సాయంత్రం, భర్త కాళ్లూ మొహం కడుక్కుంటుండగా అడిగింది. "అప్పట్లో నా సెలవు చీటీ మిల్లులో ఇచ్చారా?"

"ఏ చీటీ?"

"అమ్మాయి కడుపులో ఉన్నప్పటిది."

"అబ్బా, పదమూడేళ్ల నాటి మాట ఇప్పుడా! చొక్కా జేబులో పెట్టుకున్నట్టే గుర్తు." తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "నువ్వే ఉతికేసుంటావ్."

నిజమే. నీలం చొక్కా. దాని నిండా తెల్లటి తునకలు. కడుపు అడ్డమొస్తుంటే పీట మీద ఒత్తిగిలి కూర్చుని, ముళ్లు వేసిన గోళ్లతోనే ఒక్కొక్క తునకా గిల్లి తీసింది. బస్సు టికెట్టేమో అనుకుంది. "జేబులు చూసుకుని తడపాలని తెలీదా?" అని అతను కసిరితే, తప్పయిపోయిందండీ అని కూడా అంది.

సోమవారం పొద్దున్న బట్టల బకెట్ ముందు కూర్చునేసరికి అవతలి ఒడ్డున కొత్త యూనిట్ సైరన్ మోగింది. మోగి ఆగింది. భర్త చొక్కా జేబు ఎత్తుగా ఉంది, లోపల మడతపెట్టిన కాగితమేదో. అలవాటు కొద్దీ జేబు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆమె చొక్కాని అలాగే నీళ్లలోకి అదిమి, బుడగలు రావడం ఆగేదాకా పట్టుకుంది.