పాత చిరునామాలు ఆపిన రోజు

"కుర్చీలో కూసోని చేసే పనికి అలుపేందమ్మా?" అంది అత్త నిర్మలమ్మ, తెల్లారకముందే లేచి ఊరిబిండి పచ్చడి నూరుతున్న ప్రసన్నకుమారితో.

ప్రసన్న రోలు కడిగి డ్యూటీకి తయారైంది. తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆమె భర్త సురేంద్ర అధికారి, ఆమె అతని కింద ఉద్యోగి. అక్కడ ప్రతి యంత్రానికీ నెట్‌వర్కులో ఒక చిరునామా ఉంటుంది. పాత పద్ధతి వదిలి ఐపీవీ6 అనే కొత్త పద్ధతికి మారాలన్నారు. దేనికి ఏ చిరునామా ఇవ్వాలో, ఏది ముందు మారాలో ఎనిమిది నెలలు కూర్చుని రాసింది ప్రసన్న. మీటింగులో తన పనిగా చదివి చప్పట్లు అందుకున్నది సురేంద్ర. ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, "అందరికీ టీ వచ్చిందేమో సూడు" అన్నాడు.

ఆమె ఒక్క మాట మాత్రం అతనికి పదేపదే చెప్పింది. "ల్యాబు మిషన్లు పాతవి. వాటికి కొత్త చిరునామాలు తెలీవు. కొన్నాళ్లు రెండు పద్ధతులూ నడవనీండి."

"నాకే నేర్పిస్తావా? డైరెక్టరుకు మాటిచ్చినాను. పాతవి ఆపేయ్."

ఇంట్లో కూరలో ఉప్పు తగ్గించమంటే తగ్గించినట్టే, ఆ ఉదయం పాత చిరునామాలు ఆపేసింది.

అదే ఉదయం ఐరాల నుంచి కాన్పుకొచ్చిన చాందినికి రక్తస్రావం మొదలైంది. ల్యాబులో సిద్ధమైన రక్తపరీక్ష ఫలితం ఆపరేషన్ గదిలోని తెరమీదికి రాలేదు. చివరికి నర్సు ల్యాబుకు పరుగెత్తి కాగితం తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. దేవుడి రాత అని చెప్పి పంపేశారు.

విచారణ అనగానే సురేంద్ర గొంతు మెత్తబడింది. "పొరపాటు నీదేనని రాసియ్యి, ప్రసన్నా. నీ ఉద్యోగం పోతే ఏమి, ఇల్లు నడస్తాది. నాది పోతే పరువుండదు."

"మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" అంది నిర్మలమ్మ.

ప్రసన్న రాసింది. ఆపమన్నది తన భర్త అని రాసింది. ప్రమాదమని తెలిసీ ఆపింది తనేనని కూడా రాసింది. డైరెక్టరుకిస్తే ఆ కాగితం సొరుగు దాటదని ఆమెకు తెలుసు. అందుకే అది పట్టుకుని ఐరాల బస్సెక్కింది.

చాందిని గడపలో కూర్చుని ఉంది, పాలు తడిసిన రవికెతో. ఎవరు కావాలని అడిగింది.

"ఆసుపత్రి నుంచి వచ్చినాను," అంది ప్రసన్న. "నీ బిడ్డది దేవుడి రాత కాదు తల్లీ."