పుట్టింటి గొర్రె

కోడ్‌లో పొడుగు వరుస కనిపిస్తే నౌషీన్‌కు ఒళ్లు మండుతుంది. నాకు పని జరిగితే చాలు. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు పైగదిలో మేమిద్దరం వెబ్ పేజీలు చేస్తాం.

మొన్నటి గాలివానకు మైలవరం చుట్టుపక్కల మందలు చెదిరి కలిసిపోయాయి. దొరికిన గొర్రెల ఫొటోలు చూపించే పేజీ మాదే. దాని టెంప్లేట్, అంటే ఏ ఫొటో ఎట్లా చూపించాలో చెప్పే కోడ్, రాసిన ఇమ్రాన్ ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు.

ఆ పొద్దున జమ్మలమడుగు నుంచి సుంకులమ్మ వచ్చింది.

"మా బొల్లి ముందు నడిస్తేనే మంద కదుల్తాది పాపా. అది పోయినకాడి నుంచి ఒక్కటీ మేతకు పోలే. ఎవురికో దొరికితే ఫొటో మీకు పంపినారంట. రేపటికి ఎవురూ రాకుంటే సంతకు తోల్తారంట."

ఎంత వెతికినా పేజీలో బొల్లి లేదు. నౌషీన్ టెంప్లేట్ తెరిచింది. అంతా ఒకే వరుస! కుడికి జరిపేకొద్దీ వస్తూనే ఉంది.

"ఏంది నాగలతా ఇది, పెన్నేరా?" అంటూ ఆ వరుసను మధ్యలో విరిచింది. పేజీ తెల్లబోయింది.

"అయ్యో, ఉన్నియి గూడా పోయినాయే!" అంది సుంకులమ్మ.

"బ్రాకెట్ నడుమ విరిచినా. అది మూసుకున్నాకే విరవల్ల," అని నౌషీన్ పళ్లు కొరికి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దొడ్డివాకిట్లోంచి ఒక్కొక్క గొర్రే వచ్చినట్టు, ఒక్కొక్క ముక్కా కిందికి దిగింది. ఎవరూ చూడని చిట్టచివరి ముక్క అప్పుడు కంటబడింది.

"ఒక చెవికే కోత గుర్తుంటే ఆ ఫొటో చూపించమని రాసినాడు ఇమ్రాన్," అంది నౌషీన్. " రెండుంటే తప్పనుకున్యాడేమో. మీ బొల్లికెట్లుంది పెద్దమ్మా?"

"రెండు చెవులకూ కోతే. కుడిది మా పుట్టింటోళ్ల గుర్తు, ఎడమది మా అత్తగారింటిది. పెండ్లైన ఆడబిడ్డకు గొర్రెనిస్తాం గదమ్మా."

పట్నంలో పెరిగిన ఇమ్రాన్‌కు గొర్రెకూ పుట్టిల్లుంటుందని ఎట్లా తెలుస్తుంది? నాకే తెలియదు.

నౌషీన్ ఆ ముక్క తీసేసింది. అంతే, పేజీ కిందికి కిందికి సాగింది. గొర్రె వెంట గొర్రె, అన్నిటికీ రెండు చెవులా కోతలే. ఇన్నాళ్లూ ఇవన్నీ మా దగ్గరే ఉన్నాయా!

"ఇయన్నీ ఆడబిడ్డలవే," అని సుంకులమ్మ మెల్లగా అంది. ఆమె వేలు ఒకచోట ఆగింది. బొల్లి.

కింద వీరపునాయునిపల్లె నంబరుంది. నేను ఫోన్ కలిపి, గొర్రె దగ్గర పెట్టమని అడిగి, సుంకులమ్మకిచ్చాను. ఆమె నాలుక టకటక కొట్టి, "బొల్లే, రాయే!" అని పిలిచింది.

అవతల ఒక గొర్రె అరిచింది. ఆగకుండా అరుస్తూనే ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు.