శంకరమ్మ రంగు బిళ్ళలు

పద్దెనిమిది గదులు ఊడవాలి. బెంచీలు తుడవాలి. మరుగుదొడ్లు రెండుసార్లు కడగాలి. వేదిక ముందు ముగ్గు వేయాలి. పది గంటలకల్లా తన వాడ అంగన్‌వాడీ నుంచి ముప్పై రెండు మంది పిల్లలను ముఖాలు కడిగి, వరస కట్టించి తీసుకురావాలి. శామీర్‌పేట దగ్గరి ఆ ప్రైవేటు బడిలో ఆయాగా చేసే శంకరమ్మకు బడి పండుగ రోజు పడిన పనులివి. జీతం ఎనిమిదిన్నర వేలు. రెండు రోజులుగా ఒళ్ళు కాలుతున్నా సెలవు అడగలేదు. పిల్లలకు ఆమె మాట ఇచ్చింది.

ఆ మాట వెనక మూడు నెలల పని ఉంది. తరగతులు ఊడ్చేటప్పుడు దొరికే విరిగిన క్రేయాన్ ముక్కలు పారేయబుద్ధి కాక కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. ఆదివారాలు మనవరాలు ప్రియాంక, వాడ పిల్లలు చుట్టూ కూర్చుని, ముక్కలను నీళ్ళలో నానబెట్టి, కాగితాలు గోళ్ళతో ఒలిచి, ఏ రంగుకు ఆ రంగు వేరుచేసేవాళ్ళు. మరిగే నీళ్ళలో గిన్నె పెట్టి శంకరమ్మ కరిగించేది. మొదటిసారి పాత ఇడ్లీ పళ్ళెంలో పోస్తే అడుగు చిల్లుల్లోంచి మైనమంతా కారిపోయింది. “అవ్వా, ఇడ్లీకి కడుపు జారుతాంది” అని ప్రియాంక అంటే అందరూ పడీ పడీ నవ్వారు. తర్వాత చిల్లులకు గోధుమపిండి అద్ది, నూనె రాసి పోశారు. చల్లారాక గుండ్రంగా ఊడివచ్చాయి. పిల్లలు వాటికి రంగు బిళ్ళలని పేరు పెట్టారు.

బడి యజమానురాలు బాలమణికి సంగతి తెలిసింది. కోప్పడుతుందనుకుంటే మెచ్చుకుంది. ఆ బడి నేల బాలమణి వాళ్ళ పొలంగా ఉన్నప్పుడు అందులో నాట్లు వేసిన శంకరమ్మకు ఆమె ఇప్పటికీ పటేలమ్మే. మేడం అనమని ఎంత చెప్పినా నోరు తిరగదు. బడి పండుగ నాడు బిళ్ళలను మంచి డబ్బాల్లో పెట్టి వాడ పిల్లలకు తన చేత్తో పంచుతానని బాలమణి చెప్పింది. పటేలమ్మ మాట కదా అని, బిళ్ళలు మీకే ఇస్తారని పిల్లలకు మాట ఇచ్చి, శంకరమ్మ ఒక్క బిళ్ళ కూడా ఇంట్లో ఉంచకుండా అన్నీ మోసుకొచ్చి ఇచ్చింది.

పంచడం బాగానే జరిగింది. తలా ఒక డబ్బా. దాని మీద ‘మా విద్యార్థుల చేతిపని’ అని అచ్చు వేసి ఉంది. చిన్నవాళ్ళకు తోడు వచ్చిన ప్రియాంక అది కూడబలుక్కుని చదివి, అవ్వ వైపు చూసింది. ఫొటోలు తీశారు. అతిథులు కార్లెక్కారు. పిల్లలు అప్పుడే మూతలు తీసి బండల మీద గీతలు గీస్తున్నారు.

బాలమణి ఒక ఖాళీ బుట్ట తెచ్చి శంకరమ్మ చేతికిచ్చింది.

“డబ్బాలు జమ జెయ్యి. రేపు కీసర ఊర్ల గూడ గివే పంచాలె. ఆడ గూడ ఫొటో ఉన్నది.”

“గవి పిల్లలకిచ్చినయి గదా, పటేలమ్మా?”

“మల్ల జేసుకుంటరు తియ్యి. నువ్వడిగితే ఏడ్వకుంట ఇస్తరు. నీ వాడోళ్ళే గదా.”

ముఖాలు కడిగి తెచ్చింది తనే. ఇప్పుడు వాళ్ళ చేతుల్లోంచి తీసుకోవలసిందీ తనే. అందుకే ఈ పని తనకు చెప్పారని శంకరమ్మకు అప్పుడు తెలిసింది. బుట్టను మెల్లగా నేల మీద పెట్టింది.

“నేనడగ. ఆళ్ళు గోర్లరగదీసి జేసిన్రు. మీకే ఇస్తరని నేనే జెప్పిన. నాకు చెయ్యి రాదు.”

“కొలువు వద్దా నీకు?” బాలమణి గొంతు పెంచలేదు.

“కావాలె,” అంది శంకరమ్మ. “బుట్ట మాత్రం పట్ట.”

వాచ్‌మన్ నర్సయ్య బుట్ట అందుకున్నాడు. అతనికీ ఇల్లు గడవాలి. ఎవరి ముఖమూ చూడకుండా వరస వెంట నడిచాడు. పెద్దవాళ్ళు చెయ్యి చాస్తే ఇచ్చేయాలని నేర్చిన పిల్లలు ఒక్కొక్కరే ఇచ్చేశారు. చివర నలుగురు పసివాళ్ళకు అడ్డంగా ప్రియాంక నిలబడింది. నర్సయ్య ఆమె ముందు ఆగాడు, తర్వాత ఆ నాలుగు డబ్బాలు అడగకుండానే వెనక్కి తిరిగాడు.

ఆ పండుగ నాటి ఫొటో ఇప్పుడు బడి గేటు పక్క పెద్ద ఫ్లెక్సీ మీద ఉంది. కరీంనగర్ రోడ్డు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కనబడుతుంది. ముప్పై రెండు మంది పిల్లలు, ముప్పై రెండు డబ్బాలు, మధ్యలో బాలమణి. అటు వెళ్ళినప్పుడు చూడండి. అందులో లేని శంకరమ్మను గుర్తుంచుకోండి.