రెండు గరిటెల సిలువ

మిడతల దండు వచ్చి పోయిన ఏడాది అది. తూర్ అబ్దీన్ కొండల్లో పచ్చగా మిగిలింది గుడి తలుపులకు వేసిన రంగొక్కటే అని జనం చెప్పుకున్నారు.

మార్ జాకై మఠంలో వెండి సిలువ బాధ్యత పూజలో సాయపడే డీకన్ లహ్దోది. మఠంలో చేరేనాటికి ఆయనకు నూనూగు మీసాలు కూడా రాలేదు. నలభై ఏళ్లుగా ఆ సిలువను తోమిందీ, పండుగనాడు ఎత్తి పట్టుకుని ఊరేగింపు ముందు నడిచిందీ ఆయనే.

రబ్బాన్ అని అందరూ పిలిచే మఠం పెద్ద దెన్హో ఒక ఉదయం ఆయన్ని పిలిచాడు.

"లహ్దో, సిలువ తీసుకుని రేపు ఆమిద్ పట్నం బజారుకెళ్లు. దానికి ఎంతొస్తే అంత బార్లీ పట్టుకురా."

లహ్దో, "సిలువనమ్మి గింజలు కొంటామా? మతి ఉండే అంటున్నారా, రబ్బాన్?" అన్నాడు.

"నిన్న మన గోడ కింద ఆకలితో పోయిన ఒక పసిదాన్ని పూడ్చాం. మతి ఉండే అంటున్నా."

"అయితే ఇంకెవర్నయినా పంపండి. నా వల్ల కాదు."

"ఇంకెవరెళ్లినా వెండి వ్యాపారి తూకంలో మోసం చేస్తాడు. దాని బరువు నీకొక్కడికే తెలుసు."

లహ్దో వెళ్లాడు. కంచర గాడిదల మీద బార్లీ, కాస్త మసూరు పప్పు వేసుకుని తిరిగొచ్చాడు. ఆనాటి నుంచి దెన్హోతో మాట మానేశాడు. ఎదురుపడితే గోడ వైపు తిరిగి నడిచేవాడు.

మఠం గుమ్మం ముందు గంగాళం పెట్టి రోజూ బార్లీ జావ పోయడం మొదలైంది. మూడో వారంలో వంటవాడు శాబో చెయ్యి కాల్చుకున్నాడు. ఆ పని దెన్హో లహ్దోకు అప్పగించాడు.

"సిలువ పట్టిన చేతులివి. వీటితో జావ పొయ్యాలా?" అని లహ్దో శాబో దగ్గర గొణిగాడు.

శాబో కట్టు కట్టిన చేతిని ఊపుతూ నవ్వాడు. "నీ చేతులేం ఏడవట్లేదులే, ఏడ్చేది నువ్వే. పట్టు గరిటె!"

వాల్‌నట్ చెక్కతో చేసిన పొడుగు కాడల గరిటెలు రెండున్నాయి. పల్చటి జావకొకటి, జబ్బుపడ్డవాళ్లకూ పిల్లలకూ పోసే చిక్కటి జావకొకటి. మొదట్లో లహ్దో గింజలు ఎక్కువ రోజులు రావాలని సగం సగమే పోసేవాడు. కింది ఊరి నుంచి ఇద్దరు మనవలతో వచ్చే షెమూని అనే ముసలామె నోరు ఊరుకునే రకం కాదు.

"ఏం డీకన్ గారూ, గరిటె అంత బరువుందా? సిలువెత్తినప్పుడు మీ చేతులు బాగానే లేచేవే!"

వరుసంతా గొల్లున నవ్వింది. లహ్దో మొహం జేవురించింది. గరిటెను గంగాళం అడుగుదాకా దించి, నిండా తీసి ఆమె గిన్నెలో కుమ్మరించాడు. ఆ తర్వాత ఎవరికీ సగం పోయలేదు.

రోజులు గడిచేకొద్దీ ఆయనకు మొహాలు గుర్తుండిపోయాయి. ఎవరికి చేతులు వణుకుతాయో, ఎవరు తమ వాటా బిడ్డకు పెట్టి ఖాళీ గిన్నె నాకుతారో తెలిసింది. ఎవరైనా ఒకరోజు రాకపోతే కళ్లు దారి వైపు వెళ్లేవి.

ఒకనాడు షెమూని ఒక్క మనవరాలితోనే వచ్చింది.

"చిన్నోడేడమ్మా?"

ఆమె గిన్నె చాచింది. లహ్దో చిక్కటి జావ రెండు గరిటెలు పోశాడు. ఆమె ఒక గరిటెడు తిరిగి గంగాళంలో వంచేసింది.

"వాడి వంతు వెనకాల వాళ్లకు పొయ్యి, నాయనా."

ఆ మధ్యాహ్నం గంగాళం కడిగాక లహ్దో నేరుగా దెన్హో గదికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు నెలల తర్వాత ఆయనతో మాట్లాడాడు.

"మిడతలొచ్చిన నాడే అమ్మాల్సింది, రబ్బాన్. ఆలస్యం చేశాం."

దెన్హో పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు. లహ్దో వెళ్లి పక్కన కూర్చున్నాడు.

సిలువ పండుగ వచ్చింది. ఊరేగింపు ముందు ఏం పట్టుకోవాలి? పక్క మఠం నుంచి అరువు తెద్దామన్నారు కొందరు. వట్టి చేతులతోనే నడుద్దామన్నారు ఇంకొందరు. ఉదయం గుడి ముందు జనం గుమిగూడే వేళకు లహ్దో వంటింట్లోంచి వచ్చాడు. రెండు గరిటెలనూ ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి తన నడికట్టు తాడుతో బిగించి, పైకెత్తి పట్టుకున్నాడు.

"ఎంగిలి గరిటెలు గుడిలోకా!" అని ఒక సన్యాసి అరిచాడు.

"ఎంగిలే. ఈ కొండ మీద బతికున్న ప్రతి నోటి ఎంగిలీ ఉంది దీనికి. కాదంటే చెప్పు, దించేస్తా."

ఎవరూ దించమనలేదు. అందరికంటే ముందు షెమూని వచ్చి ముద్దు పెట్టుకుంది. ముక్కు ఎగబీల్చి, "కడిగినా జావ వాసన పోలేదయ్యా" అంది. నవ్వబోయిన వాళ్లకు ఏడుపొచ్చింది. దెన్హో వరుసలో అందరితో పాటు నిలబడి, తన వంతు వచ్చినప్పుడు వంగి ముద్దుపెట్టాడు.

మళ్లీ వానలు పడి, పంటలు చేతికొచ్చిన కొన్నాళ్లకు మఠం గుమ్మం మీద గుర్తు చెక్కడానికి ఆహో అనే శిల్పిని పిలిపించారు. లహ్దో గరిటెలను అలాగే కట్టి చూపించాడు. ఆహో తల గోక్కున్నాడు.

"పైన ఒక గుండ్రం, కుడి పక్కనొక గుండ్రం, మిగతా రెండు కొసలూ బోడిగానా? చూసినోళ్లు నాకు పని రాదనుకుంటారు. నాలుగు వైపులా గుండ్రాలు పెడతానండీ, ముచ్చటగా ఉంటుంది."

"నాలుగెక్కడివయ్యా మాకు? ఉన్నవి రెండే."

ఆహో సణుగుతూనే రెండే చెక్కాడు.

లహ్దో ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. యాత్రికులు గుమ్మం కింద నిలబడి, ఆ గుండ్రాలు సూర్యచంద్రులని ఒకరూ, తండ్రీ కుమారులని ఒకరూ వాదించుకునేవారు. ఆయన అడ్డుపడేవాడు కాదు. ఎవరైనా అడిగితే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆ కరువు సంగతంతా చెప్పేవాడు. పోయినవాళ్ల పేర్లు ఒక్కటీ వదలకుండా చెప్పేవాడు. మధ్యలో లేవబోతే, "ఉండండి, ఇంకా ఉన్నారు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాడు.