లోపలి నుంచి చూసిన గడియారం

పదకొండో ఏట మా మేనమామ వెంట గడియార స్తంభం ఎక్కాను. డెబ్భై దాటేదాకా ఎక్కుతూనే ఉన్నాను. నూట పన్నెండు మెట్లు. వారానికి రెండుసార్లు గడియారాన్ని నడిపే బరువులు పైకి చుట్టడం, చక్రాలకి నూనె పెట్టడం. గంట కొట్టే వేళకి నూనెలో ముంచిన దూది చెవుల్లో కుక్కుకోవడం. అంతే నా పని. స్తంభం తాళంచెవి నా దగ్గరే ఉండేది.

నేను మాట తక్కువ మనిషిని. నా వాటా కూడా మా ఆవిడే మాట్లాడేస్తుంది.

పోయినేడు నేను పిలిస్తే పలకడం లేదన్నారు. రెండుసార్లు కుళాయి వదిలేశాను. బకెట్ పొర్లి వంటగది దాకా నీళ్లొచ్చాయి. ఆ చప్పుడు నాకు వినబడలేదు. చెవుడని తెలిస్తే మున్సిపల్ ఆఫీసువాళ్లు తాళంచెవి అడుగుతారని భయం. అందుకని ఊరుకున్నాను.

"అమ్మా, నాన్నకి మతిమరుపు మొదలైందేమో" అంది మా అమ్మాయి, నా ఎదురుగానే. అది మాత్రం వినబడింది.

తల్లీకూతుళ్లు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ చిన్నది, నెమ్మదస్తురాలు. బయట బల్లల నిండా జనం. తల వంచి రాసుకుంటూనే అడిగింది.

"తాతగారూ, ఈవేళ ఏం వారం?"

సగం వినబడింది. ఊరుకున్నాను.

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?"

మూడో తరగతిలో బడి మానేసిన వాణ్ణి. ఊరుకున్నాను.

"ఈయన ఎప్పుడూ ఇంతేనా?"

"పెళ్లయిన కొత్తలో ఓ నెల మాట్లాడారండీ" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వలేదు. రాసుకుంది. కాగితం, పెన్సిలు నా ముందు పెట్టి, ఈసారి తలెత్తి గట్టిగా చెప్పింది. "గడియారం బొమ్మ గీయండి. పదకొండు గంటల పది నిమిషాలు పెట్టండి."

ప్రాణం లేచొచ్చింది. నాకు తెలిసిన పని అదొక్కటే. గుండ్రంగా గీశాను. అంకెలు వేశాను. ముళ్లు పెట్టాను.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఒకటీ రెండూ పన్నెండుకి ఎడం పక్కన ఉన్నాయంది. పదకొండూ పదీ కుడి పక్కకి పోయాయంది. నాకు సరిగ్గానే కనబడింది.

"గడియారాన్నే మర్చిపోయాడు డాక్టర్" అని మా అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజే తాళంచెవి తీసుకుని బీరువాలో పెట్టేసింది. మాత్రలు మొదలయ్యాయి. అవి వేసుకుంటే తల తిరిగేది. ఓ పొద్దున స్నానాల గది గడప దగ్గర పడ్డాను. మోకాలు చితికింది. జబ్బు ముదురుతోందని మాత్ర పెంచారు.

"మాట బాగా తగ్గిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉంటేగా తగ్గడానికి" అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

చుట్టేవాళ్లు లేక గడియారం ఆగిపోయింది. స్తంభానికి కొత్త మనిషిని వేస్తున్నాం, సోమవారం తాళంచెవి ఇచ్చేయమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ముందురోజు నా పనిముట్లు తెస్తానని మా అమ్మాయి స్తంభం ఎక్కింది. అంతకు ముందెప్పుడూ ఎక్కలేదు. మెట్లు ఇరుకని నేనే వద్దనేవాణ్ణి.

ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక చిన్నప్పటిలా నా కాళ్ల దగ్గర కూర్చుంది. మందుల చీటీల్లోంచి ఆ బొమ్మ కాగితం తీసింది. నా మొహం దగ్గరికొచ్చి అడిగింది.

"నాన్నా, నువ్వు గడియారాన్ని చూసేది లోపలి నుంచి కదూ?"

"మరి ఎక్కణ్ణించి చూస్తాను?"

అది పాలరంగు గాజు డయలు. ఎండ పడితే అంకెలు వెనక నుంచి కనబడతాయి. ఒకటి ఎడం పక్క, పదకొండు కుడి పక్క. పదకొండో ఏట నుంచి నాకు గడియారమంటే అదే.

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎవరడిగారు?"

"అడిగితేనే చెబుతావా?"

"చెవులు కూడా సరిగ్గా వినబడవు" అన్నాను. ఏడాదిగా దాచిన మాట.

మర్నాడు మా అమ్మాయి తాళంచెవి ఇవ్వకుండా నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకి పట్టింది.

"పదకొండూ పది" అంది. "సరిగ్గా ఉంది."

తర్వాత చెవుల్లో లైటు వేసి చూసింది. రెండు నల్లటి ఉండలు బయటికొచ్చాయి. గుబిలి, నూనె, ఏనాటిదో దూది. ఒక్కసారిగా వరండాలో జనం దగ్గులు, కుర్చీ కిర్రుమనడం అన్నీ మీద పడ్డాయి.

"ముందు ఇవి చూడాల్సింది తాతగారూ. పొరపాటు నాదే."

"నేనూ చెప్పలేదు కదమ్మా" అన్నాను. ఆ పిల్ల మొహం చూస్తే నాకే జాలేసింది.

మాత్రలు మెల్లిగా తగ్గించి మాన్పించింది. మోకాలు మాత్రం బాగుపడలేదు.

తాళంచెవి నా చేతికొచ్చింది. ఎక్కే కాలు లేదు. ఆఫీసువాళ్లతో మాట్లాడి ఇప్పుడు మా అమ్మాయే ఎక్కుతోంది. నేను కింద మెట్టు మీద కూర్చుని చెబుతాను. రెండో చక్రానికి రెండు చుక్కలే. బరువు కుదుపులు లేకుండా చుట్టు. గంట టైమైంది, దూది పెట్టుకో. నూట పన్నెండు మెట్ల పైకి వినబడాలంటే అరవాల్సిందే. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఇన్నేళ్లూ దాచిన మాటలు ఇవా?" అంది పక్కన కూర్చున్న మా ఆవిడ. "ఒక్కటీ నాకు పనికొచ్చేది లేదు."

పైన గంట కొట్టింది. పదకొండూ లెక్కపెట్టాను. చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఆగి, మెడ పైకెత్తి అరిచాను.

"దూది తీశావా? రెండు వైపులా తీశావా?"