పళ్ళెం అడుగున పేరు

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో మొగుడు ఏ షాపులో, అంటే ఏ విభాగంలో, పనిచేస్తే అదే పెళ్ళాం పేరు. మహిళామండలిలో "కోక్ ఓవెన్స్ ఇంకా రాలేదా?" అంటే మీనాక్షి ఇంకా రాలేదని అర్థం. "బ్లాస్ట్ ఫర్నేస్‌కి మళ్ళీ నెల తప్పిందట" అంటే కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడేవారు గాని పాతవాళ్ళు వేవిళ్ళకి ఏం పంపాలా అని ఆలోచించేవారు. ఆ లెక్కన జ్ఞానప్రసూన పేరు రైల్ మిల్. బి.ఏ. చదివి, పదకొండేళ్ళుగా సెక్టర్ 6 క్వార్టర్లో కాపురం చేస్తూ, మండలిలో ఒక్కరి చేతా సొంత పేరుతో పిలిపించుకోలేకపోయింది.

అధ్యక్షురాలు కనకలతగారికి మాత్రం పేరుండేది. భర్త అందరి భర్తలకీ పైన కనక.

ఏటా డిసెంబరులో జరిగే ఆనందమేళాని కార్నివాల్‌గా మార్చింది కనకలతగారే. మార్పంటే మరేమీ లేదు. పకోడీల పక్కన కేకులు వచ్చాయి, ముగ్గుల పోటీ పోయి కప్ కేకుల పోటీ వచ్చింది. మూడేళ్ళుగా పోటీలో మొదటి బహుమతి కనకలతగారిదే. ముఖ్య న్యాయనిర్ణేత కూడా ఆవిడే. ఈ రెండూ ఒకరే కావడంలో వింతేమైనా ఉందని మండలిలో ఎవరికీ తోచలేదు. తోచినవాళ్ళ భర్తలకి ప్రమోషన్లు రావాల్సి ఉన్నాయి.

ఇక ఆ కేకులు చేసేది జ్ఞానప్రసూన.

కనకలతగారి వంటింట్లోకి గుడ్డు రాకూడదు. నోట్లోకి రావచ్చు. అందుకని ఫ్యాక్టరీ పని ముగించుకుని తమ దేశం వెళ్ళిపోతున్న ఒక రష్యన్ కుటుంబం దగ్గర కొన్న ఓవెన్‌నీ, పువ్వురేకుల అంచున్న అచ్చుల్నీ కార్నివాల్ ముందురోజు జీపులో సెక్టర్ 6కి పంపేది. "మా రైల్ మిల్ ఉంది కదా, కలిపి పెడుతుంది. నాకు చేత్తో కలిపే టైమెక్కడిది?" అని ఇంట్లో అనేది. మండలిలో మాత్రం తన చేత్తో చేసినవనే చెప్పేది. తన పోటీ కేకుల్ని జ్ఞానప్రసూన స్టీలు గిన్నెల్లో పోసి, ఆ ఓవెన్లోనే కాల్చుకునేది. పిండి ఒక్కటే. వెన్న, గుడ్లు, దంచిన దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, చిటికెడు శొంఠి, అన్నీ ఒక్క గిన్నెలోవే. పువ్వు కేకులు మొదటి బహుమతి కొట్టేసేవి. గిన్నె కేకుల గురించి మాత్రం "ఫరవాలేదు, ఇంకా నేర్చుకోవాలి" అని కనకలతగారు మైకులో ధైర్యం చెప్పేది.

నేర్చుకుంది. మూడేళ్ళు పట్టింది.

పంతొమ్మిదివందల డెబ్బై తొమ్మిది కార్నివాల్‌కి పోటీ సెక్రటరీ ఛాయ. భిలాయిలోనే పుట్టిన పిల్ల, డిగ్రీ చదువుతోంది, హిందీ గలగలా మాట్లాడి తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. కిందటేడు పళ్ళేలకి అంటించిన చీటీలు ఊడిపోయి గొడవైందని ఈ పిల్ల ఒక ఉపాయం చెప్పింది.

"ఆంటీ, మనందరి స్టీలు పళ్ళేల వెనక పేర్లు కొట్టించి ఉంటాయి కదా. పైన కాయితం పరిచి కేకులు పెట్టండి. జడ్జిలు చూసేది కేకులు. అయిపోయాక పళ్ళెం తిప్పి చదివేస్తా. గడ్‌బడ్ ఉండదు, పక్కా."

కనకలతగారు మురిసిపోయింది. ఎవరి కేకో తెలియకుండా తీర్పు చెప్పడం కంటే గొప్ప న్యాయం ఇంకేముంటుంది? పువ్వు అచ్చులు ఊరంతటిలో ఆవిడ ఒక్కదానికే ఉన్నాయి మరి.

ఆ సాయంత్రం జ్ఞానప్రసూన ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక పళ్ళెం తీసింది. తను బి.ఏ. పాసైనప్పుడు పార్వతీపురంలో అమ్మ కొన్నది. కొట్టువాడు దాని వెనక చుక్కలు చుక్కలుగా 'జ్ఞానప్రసూన' అని కొట్టాడు. ఇంట్లో మిగతా గిన్నెలన్నింటి మీదా ఉన్నది మొగుడి పేరే. గరిటె మీద కూడా రామమోహనరావే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ మైకులో తన పేరు వినపడాలనుకుంది. బహుమతి ఎవరు పట్టుకుపోయినా సరే.

పిండి కలిపింది. ఈసారి పువ్వు అచ్చుల్లో పోసినవి తనవి, గిన్నెల్లో పోసినవి కనకలతగారివి.

రామమోహనరావు డ్యూటీనుంచి వచ్చి సైకిలు స్టాండేస్తూ వాసన పీల్చాడు. "బావుందే. ఏది ఆవిడది, ఏది నీది?"

"రెండూ నావే. మూడు పూటలా తింటున్నారు, నా చేతి రుచి తెలీదూ?"

అతను ఇంక అడగలేదు. తెలివైనవాడు.

మర్నాడు పొద్దున్న కనకలతగారింట్లో పనిచేసే గున్నమ్మ పళ్ళెం పట్టుకొచ్చింది. వెనక 'కనకలత' అని తీగలు తిరిగిన అక్షరాలు. జ్ఞానప్రసూన అందులో గిన్నె కేకులు సర్దింది. గున్నమ్మ కళ్ళు చిట్లించింది.

"ఏటమ్మా, మా పువ్వులేవి? ఇయ్యి గుండ్రంగున్నాయి."

"రుచి అదే గున్నమ్మా."

"అమ్మగారడిగితే?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

గున్నమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని ఆలోచించింది. "ఆయమ్మ నన్నేనాడూ ఏటీ అడగదులే" అని పళ్ళెం మీద బట్ట కప్పి తిన్నగా హాలుకి వెళ్ళిపోయింది.

హాలు నిండా రంగుకాయితాలు, పిల్లల గోల, మైకు కీచుమంటోంది. బల్లమీద పళ్ళేలు వరసగా ఉన్నాయి. కనకలతగారు పట్టుచీర మీద శాలువా సర్దుకుని నడిచింది. పక్కనే సహ న్యాయనిర్ణేత మీనాక్షి, నీడలా కాదు గాని నీడ కంటే కొంచెం ముందుకి వంగి.

పువ్వు కేకుల దగ్గర కనకలతగారు ఆగింది. ఒక ముక్క తుంచి కళ్ళు మూసుకుంది.

"ఆహా. మసాలా ఎంత హద్దులో ఉందీ. దీనికి హస్తవాసి ఉండాలమ్మా, ఊరికే రాదు."

"ఫారిన్ వాసన వస్తోందండీ" అంది మీనాక్షి. ఆవిడ ఎరిగిన ఫారిన్ రాయపూర్ దాటలేదు.

తర్వాత గిన్నె కేకులు. కనకలతగారు గోరంత తుంచి, నాలుక చివర పెట్టి, మొహం చిట్లించింది. మైకు దగ్గరే ఉంది.

"ఇదెవరమ్మా చేసింది? జలుబు చేస్తే ఇచ్చే శొంఠి కషాయంలా ఉంది."

హాలంతా నవ్వింది. అందరికంటే ఆలస్యంగా ఆపింది మీనాక్షి. "నాకైతే వాంతొచ్చినంత పనైందండీ" అని కూడా చేర్చింది, అడక్కపోయినా.

జ్ఞానప్రసూన మూడో వరసలో కూర్చుని కొంగు అంచు చూసుకుంటోంది.

"మొదటి బహుమతి" అని కనకలతగారు పువ్వు కేకుల పళ్ళెం ఛాయకి అందించి, మళ్ళీ లేచి నిలబడటానికి వీలుగా బల్ల పక్కన కుర్చీ అంచున కూర్చుంది. ఛాయ కేకులు కాయితంతో సహా పక్కకి తీసి పళ్ళెం తిప్పింది.

"జ్ఞా..." అంది మైకులో. "జ్ఞా... న... ప్ర... అరే, లంబా నామ్ హై... సూ... న. జ్ఞానప్రసూన."

ఒక్కో అక్షరం స్పీకర్లోంచి హాలు నాలుగు గోడలకీ తగిలి వచ్చింది. అంత నిదానంగా తన పేరు పెళ్ళి శుభలేఖ చదివినవాళ్ళు కూడా చదివి ఉండరు. జ్ఞానప్రసూన గబుక్కున లేవలేదు. చివరి అక్షరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగింది.

"ఎవరండీ ఆవిడ?" అన్నారు వెనక ఎవరో.

"నేనే" అని లేచింది.

"రైల్ మిల్లా?" అంది మీనాక్షి, రైలు పట్టాకే నోరొచ్చినట్టు.

కనకలతగారి చెయ్యి దానంతట అదే గిన్నె కేకుల పళ్ళెం మీదికి వెళ్ళింది. అంచు పట్టుకుని కొంచెం ఎత్తి, కిందికి తొంగి చూసి, నెమ్మదిగా దించేసింది. కేకులు మారిపోయాయని అరవచ్చు. అరిస్తే, నీ చేత్తో కలిపిన కేకు నోట్లో పెట్టుకుని నీకే ఎలా తెలియలేదని అడుగుతారు.

మీనాక్షికి ఇదేమీ తెలియదు. "ఛాయా, ఆ కషాయం ఎవరిదో అది కూడా చదువమ్మా. మళ్ళీ ఏడు చెయ్యకుండా ఉంటారు."

"వద్దొద్దు" అంది కనకలతగారు. ఆవిడకి అంత దయ ఉందని ఎవరికీ అంతవరకూ తెలియదు. "పాపం, ఎవరినో చిన్నబుచ్చడం ఎందుకు? నిజానికి అంత బాగాలేకపోలేదు." రుజువు చేయడానికి ఒక కేకు మొత్తం తినేసింది.

"తినండి, గొంతుకి మంచిది" అంది జ్ఞానప్రసూన.

వ్యవహారం అక్కడితో సర్దుకునేదే. కాని గున్నమ్మకి ఇంటిపని ఉంది. తలుపు దగ్గరనుంచి తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి ఆ పళ్ళెం చేతిలోకి తీసుకుంది.

"అమ్మగారూ, మన పళ్ళెం పట్టుకెళిపోనా? మజ్జాన్నానికి అయ్యగారికి అన్నం ఎట్టాల."

మైకు పక్కనే నిలబడి అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అంతమంది ఆఫీసర్ల భార్యలు ఒక్కసారిగా దగ్గారు. మీనాక్షి మాత్రం దగ్గలేకపోయింది. వాంతి మాట గుర్తొచ్చినట్టుంది, కుర్చీ వెతుక్కుంటోంది.

అలవాటు చొప్పున బహుమతి ఇవ్వాలి కదా. ఛాయ స్టీలు గిన్నెల సెట్టు తెచ్చి కనకలతగారి చేతికిచ్చింది. ఆవిడ దాన్ని జ్ఞానప్రసూన చేతిలో పెట్టింది, కళ్ళు ఎక్కడో పెట్టి. జ్ఞానప్రసూన ఒక గిన్నె తిప్పి చూసింది. ఊళ్ళోని పవర్ హౌస్ బజారులో పేరు ముందే కొట్టించి ఉంచారు: 'ప్రథమ బహుమతి, శ్రీమతి కనకలత.'

"ఇవి మీవేనండీ, పేరుంది" అని తిరిగి ఇచ్చేసింది. "నా పేరున్నది నేను తీసుకెళ్తాను."

ఛాయ చేతిలోని పళ్ళెం అందుకుని, కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం రామమోహనరావు అడిగాడు, "బహుమతి వచ్చిందట, ఏదీ?"

"అదిగో" అని వంటింటి అరవైపు చూపించింది. అరలో అన్ని పళ్ళేలూ మామూలుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం బోర్లించి ఉంది.